పోటీ పోయిన మర్నాడు మా ఊరి విమానం సంగతేంటి? పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,
విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ డైరెక్టర్ జనరల్ గారికి,
వ్యాపారాల్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా చైర్‌పర్సన్ గారికి,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల్లో విమానాశ్రయాల వ్యవహారాలు చూసే అధికారులకు,

నమస్కారం.

నేను రాయలసీమలో ఒక చిన్న పట్టణంలో టికెట్లు బుక్ చేసే ట్రావెల్ ఏజెంట్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కువైట్‌కు పనికి పోయేవాళ్లు, హైదరాబాద్‌లో వైద్యం చేయించుకునేవాళ్లు, బెంగళూరులో, చెన్నైలో పిల్లలు ఉన్న తల్లిదండ్రులు. ఈ లేఖలో రాస్తున్న విషయాన్నే ఇంతకుముందు రెండుసార్లు అర్జీగా పంపాను. మొదటిదానికి రసీదు నంబరు వచ్చింది. కొన్ని వారాల తర్వాత ‘మీ ఫిర్యాదు పరిష్కారమైంది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఎవరూ నాతో మాట్లాడలేదు, ఏం పరిష్కరించారో చెప్పలేదు. రెండోదానికి ఆ మెసేజ్ కూడా లేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందు పెడుతున్నాను.

చెప్పదలచుకున్నది ఇదీ. ఒక చిన్న ప్రాంతీయ విమాన సంస్థ తిరుగుతున్న రూటులోకి పెద్ద సంస్థ దిగితే టికెట్ ధర తగ్గుతుంది. ప్రయాణికులు సంతోషిస్తారు, నేనూ సంతోషిస్తాను. పోటీ రావాలి, రానివ్వండి. కానీ కొంతకాలానికి చిన్న సంస్థ తట్టుకోలేక వెళ్లిపోతే, మర్నాటి నుంచి ఆ రూటులో ధర ఎంత, రోజుకు ఎన్ని విమానాలు, అసలు విమానం ఉంటుందా అనేది ఎవరూ పట్టించుకోవడం లేదు. ఆ మర్నాటి గురించే ఈ లేఖ.

మన తెలుగు నేల మీద ఏం జరిగిందో ముందు గుర్తుచేస్తాను.

విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో మొదలైంది. ఎంబ్రాయర్ జెట్ విమానాలతో నడిచింది. 2014లో సింగపూర్ ఎయిర్ షోలో 50 కొత్త ఎంబ్రాయర్ విమానాలకు ఆర్డరు కూడా ప్రకటించింది. విజయవాడ పేరు మీద ఒక విమాన సంస్థ వచ్చిందని అప్పట్లో మేమంతా గొప్పగా చెప్పుకున్నాం. 2016లో అద్దె విమానాల గొడవతో కొద్ది రోజులు ఆగింది, 2017 ఫిబ్రవరి చివర్లో పూర్తిగా ఆగిపోయింది. మళ్లీ లేవలేదు.

హైదరాబాద్ కేంద్రంగా ట్రూజెట్ 2015 జూలైలో మొదలైంది. 72 సీట్ల ఏటీఆర్ విమానాలతో తిరుపతికీ, రాజమహేంద్రవరానికీ తిరిగింది. 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి సిమ్లాలో ఉడాన్ (చిన్న ఊళ్లకు చవగ్గా విమానాలు నడిపించే కేంద్ర పథకం) తొలి విమానానికి జెండా ఊపిన రోజే కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసులు కూడా మొదలయ్యాయి. ఆ రెండూ ట్రూజెట్‌వే. అప్పుడు విమానయాన శాఖ మంత్రి విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు గారు. ఆ ఏడాది డిసెంబరులోనే ఇండిగో కూడా ఏటీఆర్ విమానాలు తెచ్చి, హైదరాబాద్ కేంద్రంగా చిన్న ఊళ్లకు తిప్పడం మొదలుపెట్టింది. తిరుపతి, రాజమహేంద్రవరం రూట్లు అందులో ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగిపోయింది.

ఒకరు రావడం వల్లే ఇంకొకరు మూతపడ్డారని నేను అనడం లేదు. అద్దెల బకాయిలు, డాలరు, కరోనా, పెట్టుబడి పెట్టేవాళ్లు దొరక్కపోవడం, సొంత తప్పులు, అన్నీ ఉన్నాయి. ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. 2022 మార్చి చివర్లో కడప నుంచి మళ్లీ విమానాలు ఎగిరాయంటే ఇండిగో వచ్చింది కాబట్టే. అంతకు ఏడాది ముందు కర్నూలు ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు తెరిచినప్పుడు అక్కడా వాళ్లే నడిపారు. వాళ్లు రాకపోతే మాకు అదీ లేదు. నా బాధ ఒక సంస్థ మీద కాదు. ఒకే సంస్థ మిగిలాక మాలాంటి ఊళ్లను కాపాడే రూలు ఒక్కటీ లేకపోవడం మీద.

చిన్న సంస్థ ఎందుకు నిలబడలేదో మా కౌంటర్ దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. ఒక రూటులో రోజుకు లక్ష రూపాయలు నష్టం వస్తుందనుకుందాం. 400 పైగా విమానాలున్న సంస్థకు అది లెక్కలోకి రాదు, ఢిల్లీ–ముంబై రూటులో పూడ్చుకుంటుంది. పట్టుమని పది విమానాలు లేని సంస్థకు అదే లక్ష ప్రాణం మీదికి వస్తుంది. ఇంధనం ఖర్చు ఇద్దరికీ ఒకటే, విమానం అద్దె ఇద్దరూ డాలర్లలోనే కట్టాలి. కానీ ఒకేసారి వందల విమానాలు తీసుకునేవాడికి దొరికే అద్దె ధర, ఐదు విమానాలు తీసుకునేవాడికి దొరకదు.

అంతకంటే పెద్ద తేడా ఒకటుంది. దాన్ని ఢిల్లీలో కూర్చున్నవాళ్లు గమనించి ఉండరు. మా దగ్గర విమానం ఎక్కేవాళ్లలో చాలామంది హైదరాబాద్‌లో ఆగరు, అక్కడి నుంచి ఇంకో విమానం పట్టుకుని ఇంకెక్కడికో పోతారు. పెద్ద సంస్థ అయితే ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద చివరిదాకా టికెట్ ఇస్తుంది. సామాను ఇక్కడ వేస్తే అక్కడ తీసుకోవచ్చు. మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి దాంట్లో కూర్చోబెట్టే బాధ్యత వాళ్లదే. చిన్న సంస్థకు ఆ ఏర్పాటు లేదు, పెద్ద సంస్థలు సాధారణంగా దానితో టికెట్ల ఒప్పందం చేసుకోవు. అందుకని చిన్న సంస్థ టికెట్ ₹300 తక్కువున్నా, నేను కూడా నా కస్టమర్‌కు పెద్ద సంస్థ టికెట్టే కొనమని చెబుతాను. తప్పు జరిగితే ఆ కుటుంబం నా గుమ్మం ముందుకే వస్తుంది కదా. ధరలో గెలిచినా చిన్నవాడు ఓడిపోయేది ఇక్కడే.

ఇక ఉడాన్ లెక్క. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదికలో ఉడాన్ మూడో విడత వరకు కేటాయించిన 774 రూట్లలో 403 రూట్లు అసలు మొదలే కాలేదని ఉంది. మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తి చేసినవి 112. గడువు తర్వాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. అంటే ఇచ్చిన వందలో ఏడు నిలిచాయి. మూడేళ్లు ప్రభుత్వం సాయం ఇస్తుంది, ఆ మూడేళ్లు ఇంకొకరు ఆ రూటులోకి రాకుండా రక్షణ ఇస్తుంది, నాలుగో ఏడు రెండూ ఒకేసారి తీసేస్తుంది. పసిబిడ్డకు నడక నేర్పి, నేర్పిన మర్నాడే పరుగు పందెంలో నిలబెట్టినట్టుంది ఈ పద్ధతి. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో ఉడాన్‌ను మరో 10 ఏళ్లకు, 120 కొత్త ఊళ్లకు పెంచుతామన్నారు. సంతోషం. పాత లోపం సరిచేయకుండా పెంచితే ఆ 120 ఊళ్లకూ ఇదే గతి పడుతుంది.

దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతుందో నేను చూసినవి రాస్తున్నాను.

1. కువైట్ ప్రయాణం. రాజంపేట, రాయచోటి, కడప వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లు వేలమంది. డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. వాళ్లు ఇక్కడి నుంచి హైదరాబాద్‌కో చెన్నైకో ఒక టికెట్, అక్కడి నుంచి కువైట్‌కు వేరే సంస్థలో ఇంకో టికెట్ కొంటారు, అలా అయితేనే చవక. ఇక్కడి విమానం రద్దయితే కువైట్ విమానం పోతుంది. పెద్ద టికెట్ డబ్బు పోతుంది. సెలవు మీద వచ్చినవాళ్లకు గడువులోగా చేరకపోతే ఉద్యోగమే ప్రమాదంలో పడుతుంది. ఒకప్పుడైతే ఇంకో సంస్థ విమానంలో సర్దేవాళ్లం. ఇప్పుడు రాత్రికి రాత్రి కారు మాట్లాడి పంపించడం తప్ప దారి లేదు. ఒకసారి ఒక అమ్మాయి రద్దు మెసేజ్ చూసి మా షాపులోనే కూలబడిపోయింది. రెండేళ్ల కొడుకును వాళ్ల అమ్మకు అప్పజెప్పి అప్పుడే వచ్చింది. కారుకు డబ్బు మేం నలుగురం పోగుచేసి ఇచ్చాం.

2. నష్టపరిహారం. డీజీసీఏ నిబంధన ప్రకారం గంటలోపు ప్రయాణం ఉండే విమానాన్ని ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే ₹5,000, లేదా బేస్ ఫేర్ (పన్నులు కలపని అసలు ధర)తో పాటు ఇంధన చార్జీ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది ఇవ్వాలి. ధరల యుద్ధంలో ₹1,200కు కొన్న టికెట్‌కు వచ్చే పరిహారం ఆ కాస్తే. కారు అద్దెకు కూడా చాలదు. తర్వాతి విమానం వేరే సంస్థది అయితే దాని నష్టంతో వీళ్లకు సంబంధం లేదు.

3. వైద్యం. కీమో కోసం, డాక్టర్ రివ్యూ కోసం హైదరాబాద్ పోయేవాళ్లకు రాత్రంతా వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని పోవడం, గంటలో విమానంలో దిగడం ఒకటి కాదు. వాళ్లు విలాసం కోసం విమానం ఎక్కరు. రోజూ ఉన్న సర్వీసు వారానికి మూడు రోజులైతే, డాక్టర్ ఇచ్చిన తేదీ ఆ మూడు రోజుల్లో పడకపోతే మళ్లీ రైలే.

4. మూతపడ్డ సంస్థ దగ్గర చిక్కుకున్న డబ్బు. ఏజెంట్లం విమాన సంస్థల దగ్గర ముందుగా డిపాజిట్ పెట్టి, అందులోంచి టికెట్లు కొట్టాలి. గతంలో మూతపడిన ఒక సంస్థ దగ్గర నా డిపాజిట్ ఉండిపోయింది, ఇప్పటికీ రాలేదు. అది నా కష్టం, భరించాను. కానీ అదే సంస్థలో టికెట్ కొన్నవాళ్లకు రీఫండ్ రాకపోతే వాళ్లు సంస్థను అడగలేరు, నన్నే అడుగుతారు. కొందరికి నా జేబులోంచి ఇచ్చాను. అందరికీ ఇవ్వలేకపోయాను. ఇప్పటికీ ఒకరిద్దరు నాతో మాట్లాడరు.

5. ఎయిర్‌పోర్టులో పనిచేసే పిల్లలు. చిన్న ఎయిర్‌పోర్టు కౌంటర్లో, లోడింగ్‌లో, టాక్సీల్లో ఉండేది చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. సంస్థ ఆగితే వాళ్లకు చివరి నెలల జీతాలు కూడా చేతికి రావు.

ఒకే సంస్థ మీద దేశమంతా ఆధారపడితే ఏమవుతుందో 2025 డిసెంబరులో అందరూ చూశారు. దేశీయ ప్రయాణికుల్లో ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఇండిగోలోనే ఎక్కుతున్నారు. పైలట్ల విశ్రాంతి నిబంధనలకు ఆ సంస్థ సిద్ధంగా లేకపోవడంతో డిసెంబరు 3 నుంచి 5 వరకే 2,507 విమానాలు రద్దయ్యాయి, 1,852 ఆలస్యమయ్యాయి, 3 లక్షల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. 6వ తేదీన మీరే ధరలకు పరిమితి పెట్టాల్సి వచ్చింది, 500 కిలోమీటర్ల లోపు అయితే ₹7,500 మించకూడదని. మంత్రి గారూ, ఆ పని మీరు చేశారు, బాగా చేశారు. అంటే తలుచుకుంటే చేయగల అధికారం ప్రభుత్వానికి ఉందని తేలింది. ఆ వారం ఢిల్లీ, బెంగళూరు ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసుల గుట్టలను టీవీలన్నీ చూపించాయి. మాలాంటి ఊళ్లలో ఆ పరిస్థితి విడిగా, ఒక్కో విమానం చొప్పున ఏడాది పొడవునా ఉంటుంది, దాన్ని చూపించేవాళ్లు ఉండరు.

ఆ సంక్షోభం తర్వాతే అల్ హింద్ ఎయిర్, ఫ్లై ఎక్స్‌ప్రెస్ లాంటి కొత్త సంస్థలకు మీ శాఖ ఎన్‌ఓసీలు (అభ్యంతరం లేదనే పత్రాలు) ఇచ్చింది. ఫ్లై91, స్టార్ ఎయిర్ ఇప్పటికే చిన్న ఊళ్లకు తిరుగుతున్నాయి. మన రాష్ట్రంలో కుప్పం, దగదర్తి, పలాస వైపు కొత్త ఎయిర్‌పోర్టుల మాట నడుస్తోంది, తెలంగాణలో వరంగల్ మామునూరుకు అనుమతి వచ్చింది. రన్‌వేలు వేస్తున్నాం, కొత్త సంస్థలను పిలుస్తున్నాం. వాళ్లు కాలు పెట్టకముందే రూలు రాయాలి.

పోటీని కాపాడే రూలు కొత్త ఆలోచనేం కాదు. 2001 చివర్లో జర్మనీలో జెర్మానియా అనే చిన్న సంస్థ ఫ్రాంక్‌ఫర్ట్–బెర్లిన్ రూటులో 99 యూరోల టికెట్‌తో దిగింది. లుఫ్తాన్సా వెంటనే తన ధరను దాని దగ్గరికి దించింది. 2002లో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ జోక్యం చేసుకుని, లుఫ్తాన్సా టికెట్ జెర్మానియా కంటే కనీసం 35 యూరోలు ఎక్కువ ఉండాలని ఆదేశించింది. పెద్ద సంస్థ ఇచ్చే అదనపు సౌకర్యాలకు కూడా విలువ కట్టాలన్నది దాని ఉద్దేశం. ఆస్ట్రేలియాలో 2023 నుంచి ప్రభుత్వ ఆదేశంతో పోటీ సంస్థ ఏసీసీసీ దేశీయ విమానాల ధరలు, సీట్లు, రద్దులు గమనించి ఎప్పటికప్పుడు ప్రజలకు నివేదిక ఇస్తోంది. మన చట్టంలోనూ దారి ఉంది. 2002 కాంపిటీషన్ చట్టం 4వ సెక్షన్ ఆధిపత్య దుర్వినియోగాన్ని, ఖర్చు కంటే తక్కువకు అమ్మి పోటీదారును వెళ్లగొట్టడాన్ని నిషేధిస్తుంది. 33వ సెక్షన్ మధ్యంతర ఉత్తర్వులకు అధికారం ఇస్తుంది. 1937 నాటి విమాన నిబంధనల్లో 135వ నిబంధన కింద డీజీసీఏ కూడా అడ్డగోలు ధరల మీద ఆదేశం ఇవ్వవచ్చు. కానీ ఫిర్యాదు తేలేసరికి ఏళ్లు పడుతుంది, చిన్న సంస్థకు ఉన్నది నెలలు.

కాబట్టి మేము కోరుతున్నవి:

1. తగ్గించిన ధర నిలబెట్టాలి. దేశీయ మార్కెట్లో పెద్ద వాటా ఉన్న సంస్థ ఒక చిన్న సంస్థ రూటులోకి దిగి ధర తగ్గిస్తే, ఆ చిన్న సంస్థ వెళ్లిపోయిన తర్వాత కూడా కనీసం ఏడాది పాటు అదే ధరల శ్రేణి, వారానికి అన్నే విమానాలు కొనసాగించాలి. ఇంధనం పెరిగితే ఆ మేరకు మాత్రం పెంచుకోవచ్చు. మిగిలిన కోరికలన్నీ పక్కన పెట్టి ఇదొక్కటి చేసినా మాకు చాలా మేలు. నిజంగా చవగ్గా నడపగలిగే సంస్థకు దీనివల్ల నష్టం లేదు. పోటీదారును పంపించడానికే ధర తగ్గించేవాళ్లు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

2. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఎయిర్‌పోర్టుల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో కొన్ని స్లాట్లు (విమానం దిగడానికి, ఎగరడానికి ఇచ్చే సమయాలు) ప్రాంతీయ సంస్థలకే కేటాయించాలి. ఆ వేళల్లో ఎక్కువ స్లాట్లున్న సంస్థలు చిన్న సంస్థలు అడిగితే ఒకే టికెట్, ఒకే సామాను ఒప్పందానికి ఒప్పుకోవాలి. చార్జీ ఎంతో డీజీసీఏ తేల్చాలి.

3. ఉడాన్ రూట్లన్నింటిలో నెలనెలా సగటు ధర, అత్యధిక ధర, ఇచ్చిన సీట్లు, రద్దులు రూటు వారీగా డీజీసీఏ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఇప్పుడు ప్రతి నెలా వచ్చే నివేదికలో సంస్థల మార్కెట్ వాటా కనిపిస్తుంది, మా ఊరి రూటులో ధర ఎంతో కనిపించదు.

4. ప్రాంతీయ రూట్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో మధ్యంతర ఉత్తర్వు ఇవ్వాలో వద్దో కాంపిటీషన్ కమిషన్ 60 రోజుల్లో తేల్చాలి. ఇవ్వకపోతే ఎందుకో రాసి చెప్పాలి.

5. టికెట్ల డబ్బు, ఏజెంట్ల డిపాజిట్లు ప్రయాణం జరిగేదాకా వేరే ఖాతాలో ఉండాలి. సంస్థ మూతపడితే బ్యాంకులు, విమానాల యజమానుల కంటే ముందు ప్రయాణికులకు అందాలి. జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగినప్పుడు ఈ ఏర్పాటు ఉంటే ఎన్నో కుటుంబాలు బయటపడేవి.

6. ఒకే సంస్థ నడిపే రూటును ఆపాలంటే 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అలాంటి రూటులో రద్దయితే పరిహారానికి ‘ఏది తక్కువైతే అది’ అనే మాట తీసేయాలి.

7. రాష్ట్ర ప్రభుత్వాలు వయబిలిటీ గ్యాప్ సాయం (నష్టం పూడ్చే డబ్బు) ఇచ్చి విమానాలు తెచ్చినప్పుడు ఆ ఒప్పందం ప్రజలకు కనిపించాలి. ఎంత ఇచ్చాం, వారానికి ఎన్ని విమానాలకు ఇచ్చాం, నడపకపోతే ఎంత వెనక్కి తీసుకుంటాం, ఈ మూడూ అందులో ఉండాలి. అది మా పన్నుల డబ్బు.

మంత్రి గారూ, మీరు శ్రీకాకుళం వారు. హైదరాబాద్ ఎంత దూరమో, వైద్యానికి, ఉపాధికి ఊరు దాటడం ఎంత కష్టమో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఈ ఏడు కోరికల్లో ఏవి చేయగలరో, ఏవి చేయలేరో, చేయలేకపోతే ఎందుకో రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను. రాయలసీమలో ఉన్న ఏజెంట్ల, ప్రయాణికుల అనుభవాలు వినడానికి కడపలోనో తిరుపతిలోనో మీ అధికారులు ఒక రోజు బహిరంగ విచారణ పెడితే, తేదీ చెప్పండి చాలు. రద్దయిన టికెట్ల ప్రింట్లు, రాని రీఫండ్ల కాగితాలు అన్నీ ఫైలు చేసి ఉంచాను, తీసుకుని వస్తాను.

ఇట్లు,
రాయలసీమకు చెందిన ఒక ట్రావెల్ ఏజెంట్